సెక్యూరిటీ కోసమే సార్!

ఊళ్ళో ఉన్న అమ్మ చూసుకుంటుందని ఫొటోలన్నీ హైదరాబాదులో మా ఇంట్లో ఓ పాత కంప్యూటర్లో పెట్టాను. రూటర్లో 443 పోర్టు ఫార్వర్డ్ చేశాను. ఊహూఁ, బయట్నించి తెరుచుకోదే! రెండు రాత్రులు నన్ను నేనే తిట్టుకుని, చివరికి రూటరు వాన్ చిరునామా చూస్తే 100.72తో మొదలవుతోంది. అదీ సంగతి.

100.64 నుంచి 100.127 దాకా ఉన్న చిరునామాలు 2012లో ఆర్.ఎఫ్.సి. 6598 ద్వారా ప్రొవైడర్ల లోపలి వాడకానికి కేటాయించినవి. దీన్నే సీజీనాట్ అంటారు. బోలెడు ఇళ్ళకి కలిపి ఒకటే పబ్లిక్ ఐపీ. నా రూటరు ముందు వాళ్ళ పెట్టె ఇంకోటుంది. నా వైపు ఎన్ని పోర్టులు తెరిస్తే ఏం లాభం?

ఫోన్ చేస్తే "మీ సెక్యూరిటీ కోసమే సార్" అన్నాడు కస్టమర్ కేర్ అబ్బాయి. ఒళ్ళు మండిపోయింది. కాపలా కాసేది ఫైర్‌వాల్, నాట్ కాదు. ఇది చిరునామాలు చాలక చేసిన సర్దుబాటు (ఐయానా దగ్గర ఐపీవీ4 బ్లాకులు 2011 ఫిబ్రవరిలోనే అయిపోయాయి). ఆ మాట చెప్తే ఒప్పుకుంటాను. అదే నోటితో నెలకింత కడితే స్టాటిక్ ఐపీ ఇస్తామన్నాడు. మరప్పుడు నా సెక్యూరిటీ ఏమైపోతుంది బాబూ?

మనవాళ్ళేమో "టన్నెల్ పెట్టేయ్, ఐదు నిమిషాల పని" అంటారు. నేనూ పెట్టాను. క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ లోపల్నించే బయటికి కనెక్షన్ తెరుస్తుంది కాబట్టి సీజీనాట్ అడ్డురాదు. కానీ టీఎల్ఎస్ వాళ్ళ సర్వర్లో విప్పి మళ్ళీ చుడతారు. ఇల్లు నాది, గుమ్మం అద్దెది! వైర్‌గార్డ్ మీద నడిచే టెయిల్‌స్కేల్ అయితే ఆ బాధ లేదు గానీ, అమ్మ ఫోన్లో ఆప్ పెట్టించి లాగిన్ చేయించేదెవరు?

అన్నట్టు, స్టాటిక్ ఐపీ దొరికిందే తడవు 3389 తెరిచి ఆఫీసు ట్యాలీ సర్వర్ని లోకం మీదికి వదిలేసే మహానుభావులకో దండం. 2019లో బ్లూకీప్ బయటపడ్డప్పుడు పాత విండోసుల్లోకి దూరడానికి పాస్‌వర్డ్ కూడా అక్కర్లేకపోయింది.

అసలు మందు ఐపీవీ6. నా లైన్లో అది ఉంది కూడా! వాళ్ళిచ్చిన రూటర్లో మాత్రం లోపలికొచ్చేవన్నీ మూసేసి, ఆ సెట్టింగు పేజీయే నాకు కనబడకుండా దాచారు. మూసుంచడం మంచిదే, తాళంచెవి నాకివ్వరేం? సొంత రూటరు పెట్టుకుంటానంటే బ్రిడ్జ్ మోడ్ కుదరదట.

నిన్న నాలుగో కంప్లైంటు పెట్టాను. అమ్మేమో వాట్సాప్‌లో పంపెయ్యరా అంటోంది.