బబులోనులో మూడేండ్ల చదువు, మాదాపూర్‌లో మన పిల్లలు



దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం మనకు సండేస్కూలు నుంచి తెలిసినదే. ఈసారి దానిని స్కాలర్‌షిప్ సంగతిగా చదవండి. నెబుకద్నెజరు చెరపట్టిన యూదా పిల్లల్లో తెలివైనవారిని ఏరించి, మూడేండ్లు తన ఖర్చుతో కల్దీయుల విద్య, భాష నేర్పించాడు. ఆ తర్వాత కొలువిచ్చాడు. పేర్లు మాత్రం మార్పించాడు.

చదువుకు సాయం కావాలంటే పేరు సంగతి కూడా వస్తుందని మన పల్లె సంఘాలకు కొత్తగా చెప్పనక్కరలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డ్ కులాల లెక్కలోకి రాడు. మన రెండు రాష్ట్రాల్లో అతనికి మిగిలింది బి.సి.–సి, ఒక్క శాతం. అందుకే ఆదివారం ప్రభువు బల్లలో పాలుపొందిన పిల్లవాడు సోమవారం తహశీల్దారు ఆఫీసులో వేరే మతం రాస్తాడు. వాణ్ణి పుల్పిట్ మీద నుంచి గద్దించడం తేలిక. నీ ఫీజు సంఘం కడుతుందని చెప్పడమే కష్టం. గద్దించే ముందు కానుకల పెట్టె తెరవాలని మా అభిప్రాయం.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా అంటారు. ఉంది, దానివల్ల మన ఇళ్ళల్లో ఎందరో ఇంజనీర్లయ్యారు, కాదనము. అయితే బకాయిలు రాలేదని కాలేజీ సర్టిఫికెట్లు ఆపితే, ఆఫర్ లెటర్ చేతిలో ఉన్నా తల్లి వడ్డీ డబ్బుకు తిరగాలి. అమీర్‌పేట కోచింగ్, మాదాపూర్ హాస్టల్ అడ్వాన్సు, మొదటి జీతం వచ్చేదాకా తిండి ఎవరు చూస్తారు?

డబ్బుతోనే పని అయిపోదు. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన నాటి నుంచి మన పిల్లలు అటే వెళ్తున్నారు. ఉద్యోగం వస్తే సాక్ష్యం చెప్పిస్తాం, చప్పట్లు కొడతాం, అంతటితో సరి. అబేద్నెగో అసలు పేరు అజర్యా. ఆ పేరే గల వేదనాయగం శామ్యూల్ అజర్యా తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా యువకుల మధ్య పనిచేసి, తర్వాత మన దోర్నకల్ పల్లెలకు వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పయ్యాడు. బాధ్యత అప్పగిస్తేనే నాయకుడు తయారవుతాడు. మరి మన సంఘపు లెక్కల పుస్తకం ఇరవై ఏండ్ల అమ్మాయి చేతికివ్వడానికి మన పెద్దలు ఒప్పుకుంటారా? పాటలు పాడించడానికి మాత్రం వెంటనే పిలుస్తాం!

ఇంగ్లీషు గడగడా మాట్లాడేవారినే ఎంపిక చేస్తే సాయం మళ్ళీ ఉన్నవారి ఇంటికే పోతుంది, పాస్టర్ల పిల్లలతో సహా.

ఈ ఏడు కోతపండుగ కానుకలో సగం, ఇంటర్ పాసైన ముగ్గురు బిడ్డల కోసం పక్కన పెడుతున్నాం. వేసవిలో వారు వి.బి.ఎస్. నడపాలి, పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పాలి. గచ్చిబౌలి, కొండాపూర్‌లలో ఉండి ఇది ఫోన్లో చదువుతున్న మన బిడ్డలారా, దశమభాగం అక్కడి సంఘానికే ఇవ్వండి, మాకు అభ్యంతరం లేదు. శనివారం ఒక గంట వీరితో ఫోన్లో మాట్లాడి, ఇంటర్వ్యూకు సిద్ధం చేయగలవారు మాత్రం ఈ నెలలోపే మాకు చెప్పండి.