వీధి కూడా వాకిలే!

బంతి కోసం పరుగెత్తిన పిల్లాడు బండి కింద పడబోయి త్రుటిలో తప్పించుకుంటాడు. ఆ సాయంత్రమే కాలనీ పెద్దలు సమావేశమవుతారు. తలా కొంత వేసుకుని సిమెంటూ కంకరా తెప్పిస్తారు. తెల్లారేసరికి వీధికి అడ్డంగా గట్టు సిద్ధం. హమ్మయ్య అనుకుంటారు. నాలుగు రోజులు తిరక్కుండానే, చీకట్లో ఆ గట్టు కనపడక, స్కూటరు వెనక కూర్చున్న పెద్దావిడ కింద పడుతుంది!

తప్పు స్పీడ్‌బ్రేకర్‌ది కాదు, కొలతలది. ఇండియన్‌ రోడ్స్‌ కాంగ్రెస్‌ 1988లోనే దీనికో లెక్క చెప్పింది. ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. అంత వెడల్పుంటే బండి మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళ్లేవారికి ఇబ్బంది ఉండదు. అంతకు మించితేనే కుదుపు తెలుస్తుంది. ముందుగా హెచ్చరిక బోర్డు, పైన రంగు చారలు తప్పనిసరి. జానెడు వెడల్పు గట్టు మాత్రం నిదానంగా వెళ్లేవారినీ వదలదు.

అలాగని వేగాన్ని వదిలేయలేం. వేగం రెట్టింపైతే, బ్రేకు వేశాక బండి ఆగడానికి నాలుగింతల దూరం కావాలి. 20 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి పిల్లాడికి అడుగు దూరంలో ఆగిందనుకోండి. అదే బండి 40లో వస్తే..? ఊహించడానికే భయమేస్తుంది.

మరి గట్టు లేకుండా వేగం తగ్గదా? తగ్గుతుందని నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌ పట్టణం 1960ల చివర్లోనే చూపించింది. అక్కడ ఇళ్ల మధ్య వీధుల్ని తిన్నగా కాకుండా వంపులు తిప్పారు. మధ్యమధ్యలో చెట్లు నాటారు, బెంచీలు వేశారు. ముందేముందో కనపడకపోతే ఎవరైనా కాలు బ్రేకు మీదే ఉంచుతారు కదా! ఆ వీధుల్ని ‘వూనెర్ఫ్‌’ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే, ఇంటి వాకిలి లాంటి వీధి. 1976లో అక్కడి ప్రభుత్వం వీటికి చట్టబద్ధత కల్పించింది. వీధి వెడల్పంతా నడిచేవాళ్లది, ఆడుకునే పిల్లలది. బండ్లు మనిషి నడకతో సమానంగా కదలాలన్నది అప్పటి నిబంధన.

మన కాలనీల్లో అంత మార్పు ఒక్కరోజులో రాదు. కానీ రాత్రికి రాత్రి గట్టు పోసే బదులు, అందరూ సంతకాలు చేసి మున్సిపాలిటీకి అర్జీ ఇవ్వొచ్చు. సరైన కొలతల స్పీడ్‌బ్రేకర్‌ అడగొచ్చు. మలుపుల్లో చెట్లు నాటమనొచ్చు. అన్నిటికన్నా ముందు, సొంత వీధిలోకి తిరగ్గానే మన బండి వేగం మనమే తగ్గించుకోవచ్చు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.