మౌనం మందు కాదు

కోనసీమ వాసులకు విత్తనాన్ని గురించి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. కాలువలో పడిన కొబ్బరికాయ ఎంత దూరమైనా కొట్టుకొనిపోతుంది. కాని అనువైన నేల దొరికిన చోటనే వేరూనుతుంది. 1889లో లండనులో స్టీఫెన్ పేజెట్ అనే వైద్యుడు రొమ్ము క్యాన్సరు వ్యాప్తిని గురించి ఇటువంటి మాటే చెప్పినాడు: వ్యాధి కణం విత్తనం, అది చేరే అవయవం నేల.

ఆ నేల విత్తనాన్ని ఎట్లా పిలుస్తుందో తెలియడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. కణపు పైపొర మీద కొన్ని మాంసకృత్తులు ద్వారపాలకుల వలె నిలిచి, వెలుపలి సంకేతాలను లోనికి అందజేస్తాయి. రొమ్ము క్యాన్సరు కణాలపై సి.ఎక్స్.సి.ఆర్.-4 అనే గ్రాహకం అధికంగా ఉంటుందనీ, దానిని ఆకర్షించే మాంసకృత్తు ఊపిరితిత్తులలో, కాలేయంలో, ఎముకల మజ్జలో సమృద్ధిగా ఉంటుందనీ 2001లో వెల్లడైంది. వ్యాధికి దారి చూపే సంకేతాలలో ఇది ఒకటి. హెర్-2 అనేది మరొక గ్రాహకం. సుమారు 15 నుండి 20 శాతం రొమ్ము క్యాన్సర్లలో అది మితిమీరి, కణాన్ని ఎడతెగక విభజనకు పురికొల్పుతుంది. అట్టి గడ్డలు త్వరగా పెరిగి పాకే స్వభావం గలవి.

వసిష్ఠకు ఆవల భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో రూపొందించిన మెథోట్రెక్సేట్ ఈ వ్యాధి చికిత్సలోనూ ఉపకరించింది. అయితే అది త్వరగా విభజన చెందే ఆరోగ్యకరమైన కణాలను కూడా దెబ్బతీస్తుంది. 1998లో అమెరికాలో అనుమతి పొందిన ట్రాస్టుజుమాబ్ హెర్-2నే గురిచూసి పట్టుకొంటుంది. కనుక గడ్డ నుండి ముక్క తీసి, అందులో ఏ గ్రాహకం ఉన్నదో పరీక్షించి తెలుసుకొన్న పిమ్మటనే తగిన మందు నిర్ణయమవుతుంది.

ముక్క తీయాలంటే ముందు గడ్డ ఉన్నదన్న మాట బయటికి రావాలి గదా! మన ఇళ్ళలో రానిది ఆ మాటే. నొప్పి లేదు గనుక భయం లేదనుకొంటారు. కాని తొలిదశలో గడ్డ తరచు నొప్పి లేకుండానే ఉంటుంది. మగ వైద్యుని వద్దకు వెళ్ళడానికి సిగ్గు, ఇంట్లో చెప్పడానికి సంకోచం, ఆడపిల్లల సంబంధాలు చెడతాయనే భయం. హయా మనకు అలంకారమే. కాని ప్రాణం తీసే మౌనానికి ఆ పేరు పెట్టరాదు. చికిత్స చేయించుకొమ్మని ప్రవక్త (స) వారే బోధించారు.

కళాశాల కమిటీ వారికి మా మనవి ఒక్కటే. ఏటా ఒకనాడు వైద్యురాలిని ఆహ్వానించి, విద్యార్థినులకూ వారి తల్లులకూ ఈ సంగతులు తెలుగులోనూ ఉర్దూలోనూ చెప్పించండి. అరుదుగానైనా పురుషులకూ ఈ వ్యాధి వస్తుంది గనుక విద్యార్థులూ వినాలి.

విద్యార్థినులారా! ఈ వ్యాసాన్ని మీ అమ్మకు చదివి వినిపించండి. గడ్డలలో అధిక భాగం క్యాన్సరు కావు. కాని ఏది అవునో, ఏది కాదో చెప్పవలసింది పరీక్షే గాని మన మౌనం కాదు.