బహుళ ప్రయోజనాల్లో ఆడపిల్లల ప్రయోజనం ఏది?

నిరుడు కైకలూరు చుట్టుపక్కల పల్లెల నుంచి కబడ్డీ ఆడే డిగ్రీ విద్యార్థినుల వెంట ఒక విశ్వవిద్యాలయానికి వెళ్లాను. అక్కడి కొత్త ఇండోర్ స్టేడియం గుమ్మం మీద 'బహుళ ప్రయోజన క్రీడా ప్రాంగణం' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. లోపల ఏదో సభ జరుగుతోంది. మా పిల్లల పోటీలు బయట మట్టిలో పెట్టారు. ఆడవాళ్ల మరుగుదొడ్డికి తాళం వేసి ఉంది. సాయంత్రమైనా కాసేపు మ్యాట్ మీద ఆడనివ్వమని అడిగితే, "ఆరింటికి సార్లు షటిల్ ఆడతారమ్మా, కుదరదు" అన్నాడు వాచ్‌మన్. అతన్ని అనడానికేముంది? ఆ వేళలు నిర్ణయించింది అతను కాదు.

సభలు, పరీక్షలు, స్నాతకోత్సవాలు, అధికారుల షటిల్. ఇన్ని ప్రయోజనాలున్న కప్పు కింద ఆడపిల్లల ఆటకి గంటసేపు చోటు లేదు!

"తాగునీటికే దిక్కులేని చోట ఆటలకి హాళ్లెందుకు?" అని మనలోనే కొందరు అడుగుతున్నారు. మా కొల్లేటి ఊళ్లు చూసి మాట్లాడమంటాను. వానాకాలం మైదానాల్లో నీళ్లు నిలుస్తాయి. అవి తీశాక మైదానమంతా మగపిల్లల క్రికెట్టే. మిగిలిన మూలకి ఆడపిల్లలు చేరితే గోడలెక్కి కూర్చున్న కుర్రాళ్ల వెకిలి మాటలు, ఇంటికెళ్తే తిట్లు. మగపిల్లవాడికి ఊరంతా ఆటస్థలమే. కప్పూ, వెలుతురూ, మరుగుదొడ్డీ ఉన్న చోటు ఎక్కువ అవసరమైంది ఆడపిల్లకే. అలాగని బయటి మైదానం మీద హక్కునీ మనం వదులుకోం.

ఆట కూడా మారింది. ఆసియా క్రీడల్లో పురుషుల కబడ్డీ 1990లో చేరితే, మహిళల కబడ్డీ చేరడానికి 2010 దాకా ఆగాల్సి వచ్చింది. ఇప్పుడు పెద్ద పోటీలు మ్యాట్ మీద, కప్పు కింద జరుగుతున్నాయి. మట్టిలో నేర్చుకున్న పిల్ల పోటీనాడే మొదటిసారి మ్యాట్ ఎక్కితే కాలు నిలుస్తుందా? ఓడితే మాత్రం సత్తా లేదంటారు.

మనం అడిగేది దయాధర్మం కాదు. స్త్రీల పట్ల వివక్షను నిర్మూలించే 1979 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందం, క్రీడల్లో స్త్రీలకు సమాన అవకాశాలుండాలని పదో అధికరణంలో చెప్పింది. దాన్ని మన దేశం 1993లో ఆమోదించింది. లైంగిక వేధింపుల నిరోధక చట్టం (2013) స్టేడియాన్నీ, క్రీడా ప్రాంగణాన్నీ పనిస్థలంగానే లెక్కించింది. అంటే, అక్కడ వేధింపు జరిగితే అది శిక్షకుడి ఇష్టాయిష్టాలతో సర్దుకుపోయే సంగతి కాదు. ఫిర్యాదుల కమిటీ ముందుకు రావాల్సిన నేరం.

అందుకే మనం గట్టిగా అడగాలి. రోజూ సాయంత్రం ఆడపిల్లలకి ప్రత్యేకించిన వేళలు కావాలి. మహిళా శిక్షకులు కావాలి. తాళం లేని మరుగుదొడ్డి కావాలి. ఫిర్యాదుల కమిటీ సభ్యుల పేర్లు గోడమీద కనిపించాలి. పల్లెల్లోని అనుబంధ కళాశాలల పిల్లలకి రానూపోనూ బస్సు కావాలి.

మీ దగ్గరి విశ్వవిద్యాలయంలో ఆ హాలు ఎవరికి ఏ వేళ ఇస్తున్నారో 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగండి. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. ప్రారంభోత్సవ శిలాఫలకం మీద ఎవరెవరి పేర్లున్నాయో మనకి తెలుసు. ఆ వేళల పట్టికలో ఎవరి పేరు లేదో ఇప్పుడు తేల్చుకుందాం.