చదువు చెప్పడమే అసలు జీతం

చార్టర్డ్ అకౌంటెంట్ కావాలంటే పరీక్షలు పాసైతే సరిపోదు. సీఏ ఇంటర్మీడియట్ అయ్యాక, ప్రాక్టీసులో ఉన్న ఒక ఆడిటర్ దగ్గర చేరి పని నేర్చుకోవాలి. దీన్నే ఆర్టికల్‌షిప్ అంటారు. 2023 జులైలో వచ్చిన కొత్త విధానంలో మూడేళ్ల శిక్షణ రెండేళ్లకు తగ్గింది. గడువు తగ్గిన కొద్దీ అందులోని ప్రతి నెలకూ విలువ పెరిగింది.

ఈ విద్యార్థులకు ఇచ్చేది జీతం కాదు, స్టైపెండ్. ఊరి జనాభాను బట్టి, శిక్షణలో ఎన్నో ఏడాది అన్నదాన్ని బట్టి ఇన్‌స్టిట్యూట్ కనీస మొత్తం నిర్ణయించింది. చెన్నైలోనో బెంగళూరులోనో గది అద్దెకు కూడా అది చాలదు. అంత తక్కువ సొమ్ముకు పని చేయించుకోవడం న్యాయమెలా అవుతుంది? మిగతాది విద్య రూపంలో ముడుతుందన్న నమ్మకం మీదే. ఆ విద్య ఇవ్వకపోతే మిగిలేది చౌక కూలీ.

చట్టం ఈ సంగతి మరచిపోలేదు. 1988 నాటి సీఏ నిబంధనల ప్రకారం శిక్షణకు చేర్చుకున్నందుకు విద్యార్థి నుంచి డిపాజిట్ గానీ అప్పు గానీ తీసుకోకూడదు. స్టైపెండ్ నెలనెలా చెక్కుగానో, విద్యార్థి సొంత ఖాతాకో చేరాలి. పనివేళలు వారానికి 35 గంటలు.

కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్నా, కొన్ని ఆఫీసుల్లో ఏం జరుగుతోంది? బ్యాంకు క్యూలు, జిరాక్సులు, ఏడాది పొడవునా ఒకే రకం జీఎస్టీ డేటా ఎంట్రీ. సెప్టెంబరు 30 దగ్గర పడితే అర్ధరాత్రి దాకా పని, మరునాడు యథావిధిగా హాజరు. ఇంకా ప్రమాదకరమైనది మరొకటుంది. చూడని వోచర్లకు టిక్కు పెట్టమనడం, చేయని తనిఖీ చేసినట్టు రాయమనడం. ఇరవై ఏళ్ల పిల్లవాడికి అక్కడ అబ్బే విద్య అబద్ధమే.

అతడు ఎందుకు నోరు విప్పడు? శిక్షణ పూర్తయిందని సంతకం చేయాల్సింది ఆ ఆడిటరే. వేరే ఆఫీసుకు మారాలన్నా ఆయన సంతకమే కావాలి. ఇంట్లో మొదటిసారి ఈ చదువుకు వచ్చినవారికి, సలహా చెప్పే బంధువు కూడా ఉండడు.

కనుక మన సంఘాల్లోని ఆడిటర్లకు మా విన్నపం. ఆడిట్, ఆదాయపు పన్ను, జీఎస్టీ, కంపెనీ చట్టం వంటి పనులన్నీ రెండేళ్లలో వంతులవారీగా చూపించండి. విద్యార్థి రాసిన పేపర్లను వారానికి ఒక గంటైనా పక్కన కూర్చుని దిద్దండి. పరీక్షల సెలవు దయగా కాక హక్కుగా ఇవ్వండి. క్లయింటు దగ్గర రాత్రి ఆలస్యమైతే ఆడపిల్లలు క్షేమంగా ఇల్లు చేరే బాధ్యత మీదే.

యువతీయువకులారా, మీకూ ఒక మాట. ఆఫీసుకు వెళ్లకుండా పేరుకు మాత్రం నమోదై కోచింగులో కూర్చోవడం కూడా మోసమే. ఏ రోజు ఏం నేర్చుకున్నారో రాసి పెట్టుకోండి. చేరేముందు, అక్కడ ఇప్పటికే పనిచేస్తున్న విద్యార్థులను విచారించండి.

రేపు ఈ విద్యార్థి సంతకాన్ని నమ్మి బ్యాంకు అప్పిస్తుంది, సామాన్యుడు పొదుపు దాచుకుంటాడు. ఆ సంతకానికి విలువ ఉంటుందో లేదో ఈ రెండేళ్లలోనే తేలిపోతుంది.