నా చెవిలో జోరీగ

పోయిన ఆదివారం పొద్దున అమ్మ మిక్సీలో కొబ్బరి పచ్చడి వేసింది. అర నిమిషం తిరిగిందేమో. మిక్సీ ఆగింది. నా చెవిలో కూత మాత్రం మధ్యాహ్నం భోజనాల దాకా ఆగలేదు.

బయట ఏ చప్పుడూ లేకపోయినా చెవిలో ఏదో మోగుతున్నట్టుండటాన్ని టినిటస్ అంటారు. చాలామందికి బయటి శబ్దాల్లో అది కలిసిపోతుంది. నాలాంటి కొందరికి ఉల్టా. బయటి మోత పెరిగితే లోపలి కూతా పోటీకొస్తుంది. కుక్కర్ విజిల్, బస్సు హారన్, చివరికి బకెట్‌లో నీళ్లు పడే చప్పుడైనా చాలు. రియాక్టివ్ టినిటస్ అంటే ఇదే.

వెల్లుల్లి వేసి కాచిన నూనె పోస్తానంది అమ్మ. డాక్టరు గారు వద్దన్నారు. లోపలి చెవిలో సున్నితమైన కణాలు దెబ్బతిని శబ్దం సరిగా అందకపోతే, మెదడు తనే వాల్యూమ్ పెంచుకుంటుందట.

నాకు తోచిన వైద్యం దూది. రోజంతా చెవుల్లో అదే. పెళ్లిళ్లు మానేశాను. సంగీతకారుడు బీథోవెన్ కూడా 1801లో తన డాక్టరు మిత్రుడికి ఇలాగే రాసుకున్నాడు... చెవుల్లో రాత్రింబవళ్లు హోరని, దాదాపు రెండేళ్లుగా నలుగురిలోకి వెళ్లడం మానేశానని.

ఓ సాయంత్రం మా అమ్మాయి పెదాలు మాత్రం కదుపుతూ ఎక్కాలు చదువుతోంది. ఎందుకే అంటే, ‘‘పైకి చదివితే నీ చెవి ఏడుస్తుందిగా నాన్నా’’ అంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడే ఆడియాలజిస్టు దగ్గరికెళ్లాను. డీజే, బ్యాండుమేళం, టపాకాయల దగ్గర చెవులు మూసుకోండి గానీ, ఇంట్లో దూది తీసేయండన్నారు. నిశ్శబ్దంలో చెవి ఇంకా సున్నితమవుతుందట. పక్క గదిలో టేబుల్ ఫ్యాను వేసి, తలుపు ఓరగా తీసి పడుకోవడంతో మొదలుపెట్టాను. మొదటి వారం నరకమే. నెల దాటాక ఫ్యాను మా గదిలోకి వచ్చింది.

కూతను మాయం చేసే మందు ఇంతవరకూ లేదు. దానిమీద భయాన్ని తగ్గించే కౌన్సెలింగ్ ఉంది, పనిచేస్తుంది కూడా. ఒక్క జాగ్రత్త: ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోయినా, నాడి కొట్టుకున్నట్టు చెవిలో మోగినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.

జోరీగ ఇంకా ఉంది. నిన్న పదమూడో ఎక్కం దాని మీదుగానే విన్నాను. పైకే చదివింది. రెండు తప్పులు పోయింది. దిద్దాను!