రాక్‌కు పేరు పెట్టిన రికార్డు

1961 అక్టోబరు. లండన్‌కు దగ్గర్లోని డార్ట్‌ఫర్డ్ రైల్వేస్టేషన్. చిన్నప్పుడు ఒకే బడిలో చదివిన ఇద్దరు కుర్రాళ్లు చాలా ఏళ్ల తర్వాత ఎదురుపడ్డారు. ఒకడి చంకలో ఉన్న రికార్డులు చూసి రెండోవాడి కళ్లు మెరిశాయి. వాటిలో ఒకటి ‘ద బెస్ట్ ఆఫ్ మడ్డీ వాటర్స్’. రికార్డులు పట్టుకున్నది మిక్ జాగర్. కళ్లు మెరిసింది కీత్ రిచర్డ్స్‌కి. ‘రోలింగ్ స్టోన్స్’ బృందానికి అక్కడే బీజం పడింది.

ఇంతకీ ఎవరీ మడ్డీ వాటర్స్? అసలు పేరు మెకిన్లీ మోర్గన్‌ఫీల్డ్. అమెరికాలోని మిసిసిపీ పత్తి చేలల్లో పెరిగిన నల్లజాతి గాయకుడు. 1943లో షికాగో చేరాడు. పగలు కూలిపని, రాత్రి బార్లలో పాట. ఆ గోలలో మామూలు గిటారు ఎవరికి వినిపిస్తుంది? అందుకే ఎలక్ట్రిక్ గిటారు అందుకున్నాడు. పల్లెటూరి బ్లూస్‌కు కరెంటు తగిలింది!

1948 నుంచి 1954 దాకా విడివిడిగా రికార్డయిన పాటల్లో పన్నెండింటిని ఏరి, 1958లో చెస్ కంపెనీ ఈ ఎల్పీని తెచ్చింది. ‘రోలిన్ స్టోన్’లో ఉన్నది ఒక గొంతు, ఒక గిటారు. అంతే. మాటకూ మాటకూ మధ్య నిశ్శబ్దం కూడా పాడుతున్నట్టే ఉంటుంది. ‘హూచీ కూచీ మ్యాన్’ తీరే వేరు. లిటిల్ వాల్టర్ మౌత్ ఆర్గాన్, ఓటిస్ స్పాన్ పియానో, గిటార్లు, డ్రమ్స్ అన్నీ కలిసి ఒక దెబ్బ కొట్టి ఠక్కున ఆగుతాయి. ఆ ఖాళీలోకి మడ్డీ గొంతు దూకుతుంది. మళ్లీ దెబ్బ. 1955లో బో డిడ్లీ ‘ఐయామ్ ఎ మ్యాన్’ నడిచింది ఈ బాటలోనే.

1958లో మడ్డీ ఇంగ్లండ్ వెళ్లినప్పుడు, మెత్తటి జానపద బ్లూస్ ఆశించిన వాళ్లు ఈ హోరేమిటని విస్తుపోయారు. 1963లో మామూలు గిటారుతో వెళ్తే, ఎలక్ట్రిక్ గిటారేదని కుర్రకారు నిరాశపడ్డారు! ఐదేళ్లలో చెవులే మారిపోయాయి.

ఈలోగా 1962లో ఓ పత్రికవాళ్లు ఫోనులో ‘మీ బృందం పేరేంటి?’ అని అడిగారు. కీత్ మాట ప్రకారం, నేలమీదున్న ఈ ఎల్పీ అట్ట చూసి బ్రయాన్ జోన్స్ చెప్పిన పేరే ‘రోలింగ్ స్టోన్స్’. 1964లో వచ్చిన వాళ్ల తొలి ఎల్పీలోనూ ఇందులోని పాట ఒకటుంది.

పేరు సరే, డబ్బో? సొమ్మొకడిది, సోకొకడిది. రాయల్టీల కోసం మడ్డీ, పాటల రచయిత విల్లీ డిక్సన్ 1970ల ద్వితీయార్ధంలో ఆర్క్ మ్యూజిక్ సంస్థ మీద కోర్టుకెక్కాల్సి వచ్చింది. చివరికి రాజీ కుదిరింది. 1962లో మడ్డీ పాడిన ‘యూ నీడ్ లవ్’ను లెడ్ జెప్పెలిన్ 1969లో ‘హోల్ లాట్టా లవ్’కి వాడుకుందని 1985లో డిక్సన్ మరో దావా వేశాడు. అదీ రాజీతోనే ముగిసింది. ఇప్పుడా పాట రచయితల్లో డిక్సన్ పేరూ కనిపిస్తుంది.

స్టోన్స్ మాత్రం గురువును మరవలేదు. 1981లో షికాగోలోని ఓ చిన్న క్లబ్బుకు వెళ్లి ఆయన పక్కన నిలబడి పాడారు. 1983లో మడ్డీ కన్నుమూశాడు. ‘రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్’లో ఆయనకు 1987లో చోటు దక్కింది. శిష్యులకు 1989లో. వరస సరిగ్గానే ఉంది.

వినాలనుకుంటే ‘రోలిన్ స్టోన్’తో మొదలుపెట్టండి. మూడు నిమిషాల పైచిలుకే. కాస్త సౌండు పెంచి మరీ వినండి!